మా ఆవిడ వేసిన మూడు మార్కులు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ మాట అన్న మహానుభావుడు ఇల్లు తానొక్కడే తలపెట్టి, తానొక్కడే కట్టుకున్నవాడై వుండాలి. ఐదుగురు కూర్చుని ఒక ఫ్లాటు ఎంచవలసి వస్తే ఎలా వుంటుందో ఆయనకు తెలియదు. నాకు తెలిసింది. శ్రావణమాసంలో మొదలుపెట్టిన పని మాఘం వెళ్లేదాకా తెమల్లేదు.

సంగతేమిటంటే, తెనాలిలో మా నాన్నగారు కట్టించిన ఇల్లు అమ్మేశాం. అమ్మకంలో వచ్చిన లాభానికి పన్ను పడకుండా వుండాలంటే రెండేళ్లలోగా ఆ లాభం పెట్టి మళ్లీ ఇల్లు కొనాలి. మొదటి ఏడాది "చూద్దాంలే, తొందరేముంది" అనటంతోనే సరిపోయింది. రెండో ఏడు వచ్చేసరికి నాకు నిద్ర పట్టటం మానేసింది. హైదరాబాదు వచ్చి పద్ధెనిమిదేళ్లయినా విద్యానగర్‌లో అద్దె యింట్లోనే వున్నాం. నా చేతిలో తెనాలి డబ్బు. అబ్బాయి బ్యాంకులో అప్పు తీస్తానన్నాడు. డల్లాసులో వున్న మా అమ్మాయి కొంత పంపుతానంది. అంటే డబ్బు ముగ్గురిది, అందులో కాపురముండేది నలుగురు, మాట మాత్రం ఐదుగురిదీను.

వెనకటి రోజుల్లోనైతే తెలిసిన బ్రోకరు ఒకడు వచ్చి నాలుగిళ్లు చూపించేవాడు. నాలుగింట్లో ఒకటి ఖాయం చేసేవాళ్లం. ఇప్పుడు సెల్‌ఫోనులో వందల ఇళ్లు. భోజనాలైన తరువాత అందరం తలా ఒక ఫోను పట్టుకుని కూర్చునేవాళ్లం. అబ్బాయి అర్ధరాత్రి పది ఇళ్లు పంపేవాడు. డల్లాసులో తెల్లవారేసరికి అమ్మాయి ఇంకో పది. అబ్బాయి పంపినవి కోడలు చూడదు. కోడలు పంపినవి నేను కళ్లజోడు వెతుక్కుని చూసేసరికి అమ్ముడైపోయేవి. పన్నెండు రోజుల్లో నూట నలభై ఇళ్లు చేతులు మారాయి గాని, ఒక్కదాని గురించి ఐదుగురం కలిసి మాట్లాడుకున్న పాపాన పోలేదు.

మా కోడలు సుధ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తుంది. ఒక ఆదివారం విసుగెత్తి, "ఇలా అయితే ఈ జన్మకి తేలదు మావయ్యగారూ. నేనొక ప్రోగ్రాం రాస్తాను" అంది.

"ఇల్లు కంప్యూటరు చూసి చెబుతుందటే?" అన్నాను.

"ఇల్లు మనమే చూడాలి. మనం చూడనక్కర్లేనివేమిటో అది చెబుతుంది" అంది.

దాన్ని అల్గోరిథమ్ అంటారట. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో వుండిన అల్ ఖ్వారిజ్మీ అనే గణితవేత్త పేరు మీదుగా వచ్చిన మాట. ఒక పని తేలటానికి మొదట ఇది చెయ్యి, తరువాత అది చెయ్యి అని వరసగా చెప్పే పద్ధతి. అలాగంటే నాకేమీ కొత్తనిపించలేదు. మా పెళ్లికి సిద్ధాంతిగారు చేసింది అదేగా! ఇద్దరి నక్షత్రాలూ అడిగి, ఎనిమిది కూటాలూ లెక్కగట్టి, 36 గుణాల్లో 18 దాటాయి, నిక్షేపంలా చెయ్యొచ్చన్నారు. మాకు 26 వచ్చాయి. పెళ్లికూతుర్ని అడగటమనేది మాత్రం ఆ ఎనిమిది కూటాల్లోనూ లేదు. అప్పట్లో ఆ లోటు నాకు తోచనూ లేదు.

సుధ మొదట అడిగింది, ఎవరెవరి అభిప్రాయం తీసుకోవాలి అని. నేను వెంటనే, "నాదీ మీ అత్తయ్యదీ కలిపి ఒకటే వేసుకో అమ్మా. మా ఇద్దరిదీ ఒకే మాట" అన్నాను. మా ఆవిడ గోరుచిక్కుళ్లు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు. సుధ ఆవిడ వంక చూసి, "విడిగానే వేస్తాను మావయ్యగారూ. ఒకే మాటైతే రెండూ ఒకలాగే వస్తాయిగా, నష్టమేముంది?" అంది. పట్టుబట్టవలసినంత విషయం కాదని వూరుకున్నాను.

ప్రోగ్రాం మొదట చేసిన పని చూస్తే నాకు నవ్వొచ్చింది. మేం పోగుచేసిన 380 ప్రకటనల్లో ఒకే ఇంటిని ముగ్గురు బ్రోకర్లు మూడు ధరలకు పెట్టినవి కోకొల్లలు. ఒకడు ఉత్తర ముఖమంటాడు, ఇంకొకడు తూర్పంటాడు. ఫొటోలో వంటింటి గట్టు మీద వున్న పచ్చ బిందె మాత్రం అదే! అంతస్తు, వైశాల్యం, ఫొటోలు సరిపోల్చి అలాంటివి ఏరేస్తే 231 మిగిలాయి.

తరువాత ధరలు ఒక దారికి తెచ్చింది. 1,500 చదరపు అడుగులని ప్రకటనలో వుంటుంది. అందులో మెట్లూ, వరండాలూ, లిఫ్టు చుట్టూ వున్న జాగా కూడా కలిపేస్తారు. గోడల మధ్య మనం కాలుపెట్టే చోటు వేరు. దాన్నే కార్పెట్ ఏరియా అంటారు. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించి చెప్పినా, ప్రకటనల్లో పెద్ద అంకెదే రాజ్యం. అలాగే కట్టడం పూర్తికాని ఫ్లాటు 90 లక్షలంటే, దాని మీద 5 శాతం జీఎస్‌టీ కలిసి 94 లక్షల 50 వేలవుతుంది. పాత ఫ్లాటు కొంటే ఆ పన్ను లేదు. ఈ లెక్కలు వేశాక చవక అనుకున్నవి కొన్ని ప్రియమయ్యాయి. మా తాహతు 95 లక్షలు.

ఇక "తప్పనిసరిగా వుండి తీరవలసినవి చెప్పండి" అంది సుధ. నాకు తూర్పు ముఖం వుండాలి, దగ్గర్లో పెద్ద ఆస్పత్రి వుండాలి. అబ్బాయికి రాయదుర్గంలో వున్న ఆఫీసుకి అరగంటలో చేరాలి, కార్లకి రెండు చోట్లుండాలి. సుధకి మెట్రో స్టేషను నడిచిపోయేంత దూరంలో వుండాలి. అమ్మాయికి ఈతకొలను, క్లబ్ హౌసు, కాపలావాళ్లున్న పెద్ద గేటు. (అది ఏడాదికి ఇరవై రోజులు వచ్చి వుంటుంది. ఆ ఇరవై రోజుల్లో ఈదుతుంది కాబోలు.) మా ఆవిడని అడిగితే, "అన్నీ వచ్చేశాయిగా, ఇంకేముంటాయి?" అంది.

అన్నీ కలిపి మీట నొక్కింది సుధ. మిగిలిన ఇళ్లు సున్న. హైదరాబాదు మహానగరంలో మా ఐదుగురికీ సరిపడే ఇల్లు ఒక్కటంటే ఒక్కటి లేదన్నమాట! మనిషికి ఒక్క తప్పనిసరి మాత్రమే వుంచుకోమని, తక్కినవి "వుంటే బాగుండు"లోకి మార్పించింది. నేను ధర ఒక్కటీ వుంచుకుని, తూర్పుని కడుపులో దాచుకున్నాను. అప్పుడు 58 వచ్చాయి.

ఆ 58ని తగ్గించిన పద్ధతి మాత్రం నాకు భలే నచ్చింది. రెండిళ్లు తీసుకోండి. మనం అడిగిన సంగతుల్లో దేంట్లోనూ మొదటిది రెండోదానికి తీసిపోదు, ఒకదాంట్లోనైనా మెరుగు. అలాంటప్పుడు రెండోది మనలో ఎవరి లెక్క ప్రకారమైనా అనవసరం, తీసి పారెయ్యవచ్చు. ఎవరి మనసూ నొచ్చదు, ఎవరూ వాదించనక్కర్లేదు. పరేటో అనే ఇటలీ ఆర్థికవేత్త పేరు పెట్టారట దీనికి. ఈ జల్లెడ పట్టాక 14 ఇళ్లు మిగిలాయి.

ఇక్కడినుంచీ అసలు రభస. ఒక్కో ఇంటికి ఒకటి మొదలు అయిదు వరకు మార్కులు వెయ్యమంది సుధ. మొదటి రాత్రే మా అబ్బాయి దొరికిపోయాడు. వాడికి నిజాంపేటలో ఒక ఫ్లాటు మీద మనసుంది. దానికి అయిదూ, తక్కిన పదమూడింటికీ ఒక్కొక్కటే వేశాడు. "అంత చెడ్డవిట్రా మిగతావన్నీ?" అంటే, "కాదు నాన్నా, అలా వేస్తే నాది పైకొస్తుంది" అన్నాడు నిర్భయంగా. ఇది కొత్త వేషమేమీ కాదట. 1770లో బోర్డా అనే ఫ్రెంచి నావికాధికారి, వరసక్రమాన్నిబట్టి మార్కులు వేసి మనుషుల్ని ఎన్నుకునే పద్ధతి పారిస్‌లో పండితుల సభ ముందు పెట్టాడు. పోటీ వస్తాడనుకున్నవాణ్ణి కావాలని అడుక్కి తోసేవాళ్లుంటే ఆ పద్ధతి నిలవదు. పండితుల సంగతి నాకు తెలియదు గాని, మా వాడి చేత మాత్రం సుధ మళ్లీ సవ్యంగా వేయించింది.

సరే, అలా కాదు, రెండేసి ఇళ్లు పోటీపెట్టి ఓట్లు వేద్దామన్నాను. అదీ చూశాం. తెల్లాపూర్‌లో ఒకటి, నిజాంపేటలోది, హబ్సిగూడలో ఒకటి. నేనూ, అబ్బాయీ, కోడలూ ఓటర్లం. తెల్లాపూర్‌దా నిజాంపేటదా అంటే ఇద్దరు తెల్లాపూర్ అన్నారు. నిజాంపేటదా హబ్సిగూడదా అంటే ఇద్దరు నిజాంపేట అన్నారు. అలాగైతే తెల్లాపూర్ హబ్సిగూడని సునాయాసంగా గెలవాలిగా? గెలవలేదు. ఇద్దరు హబ్సిగూడకే వేశారు! ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతున్నట్టు తయారైంది. "ఇది కాండోర్సే 1785లోనే రాశాడు మావయ్యగారూ" అని ఓదార్చింది సుధ. 1951లో కెనెత్ ఏరో అనే అమెరికా ఆర్థికవేత్త ఇంకా దూరం వెళ్లాడట. ఎంచుకోవలసినవి మూడో అంతకన్న ఎక్కువో వున్నప్పుడు, అందరి వరసక్రమాల్నీ కలిపి, న్యాయమని మనకు తోచే నాలుగైదు షరతుల్నీ ఒక్కసారే నిలబెట్టే పద్ధతి ఏదీ వుండదని రుజువు చేశాడు. 1972లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం వచ్చింది. మాకు మాత్రం తలనొప్పి వచ్చింది.

ఆఖరికి సగటే ఖాయం చేశాం. తెల్లాపూర్ ఫ్లాటుకి నేను అయిదు వేశాను. తొమ్మిదో అంతస్తు, తూర్పు ముఖం, కింద నడవటానికి చక్కని బాట, పొద్దున్నే సూర్యుడు. అమ్మాయీ అయిదు వేసింది. అబ్బాయీ, కోడలూ మూడేసి. మా ఆవిడా మూడే. సగటు 3.8. అన్నింటికంటే పైన అదే. బిల్డరు మనిషి రేపటికల్లా లక్ష రూపాయలు అడ్వాన్సు ఇవ్వకపోతే వేరేవాళ్లు తయారుగా వున్నారన్నాడు. నేను చెక్కుబుక్కు తీశాను.

"ఒక్క క్షణం మావయ్యగారూ" అంది సుధ. "సగటు ఒక్కటే నమ్మకూడదు. ఇంకోలా చూద్దాం."

సగటులో వున్న మోసమేమిటంటే, నలుగురి సంతోషంలో ఒకరి ఏడుపు కలిసిపోయి కనపడకుండా పోతుంది. అందుకని ఇంకో లెక్క వుంది: ప్రతి ఇంటికీ అందరికంటే తక్కువ మార్కు వేసిన మనిషి ఎంత వేశారో అదే ఆ ఇంటి మార్కు. 2001లో మినెసోటా విశ్వవిద్యాలయంవాళ్లు, కలిసి సినిమా చూడబోయే గుంపులకి సినిమాలు సూచించటానికి పాలీలెన్స్ అనేది తయారుచేసి, ఇలాంటి లెక్కే వాడారట. సినిమా అంటే మూడు గంటలు. ఇల్లంటే కడదాకా.

ఆ లెక్క వేసేసరికి అయిదు ఇళ్లు మూడు దగ్గర ఆగిపోయాయి. తక్కినవి అంతకంటే కింద. మూడు దాటింది పధ్నాలుగింట్లో ఒక్కటీ లేదు. ఎందుకిలా అవుతోందని సుధ పట్టిక తెరిచి చూసింది. చూసి, మాట్లాడకుండా ఫోను నా చేతికిచ్చింది.

మా ఆవిడ పధ్నాలుగిళ్లకీ మూడు వేసింది. మూడు, మూడు, మూడు, కింది దాకా మూడు.

"అన్నింటికీ అదే వేస్తే వెయ్యనట్టే అత్తయ్యా" అంది సుధ. "సగటులో ఎటూ మొగ్గదు. మీరు లేకుండా లెక్కవేసినా ఇదే వరస వస్తుంది."

"నాకేమిటే, మీ అందరికీ నచ్చితే చాలు" అంది మా ఆవిడ, పాలు తోడుపెడుతూ.

ముప్పై అయిదేళ్లలో ఆ మాట కొన్ని వేలసార్లు విన్నాను. సర్దుకుపోయే మనిషని నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ రాత్రి ఎందుకో చెక్కు మీద సంతకం పెట్టబుద్ధి కాలేదు. బిల్డరు మనిషికి రెండు రోజులు ఆగమని ఫోను చేశాను.

మార్కులు వెయ్యటం చేతకాని వాళ్లకి ఇంకో దారి వుందట. రెండేసి ఇళ్లు చూపించి, ఈ రెంటిలో ఏది అని మాత్రం అడగటం. పధ్నాలుగిళ్లకి 91 జతలవుతాయి గాని, వచ్చిన జవాబుని బట్టి తరువాతి ప్రశ్న ఎంచుకుంటే నలభైకి లోపే మొత్తం వరస తేలిపోతుంది. సుధ అత్తగారి పక్కన కూర్చుని మొదలుపెట్టింది.

"ఇదే. అబ్బాయికి ఆఫీసు దగ్గర" అంది మా ఆవిడ.

"అబ్బాయి తన మార్కులు తను వేశాడు. మీ ఒక్కరి మాట చెప్పండి."

"ఐతే ఇది. మీ మావయ్యగారికి తూర్పు పిచ్చి."

"అదీ వద్దు. ఎవరూ లేరు, మీరొక్కరే వుంటున్నారనుకోండి."

మా ఆవిడ చాలాసేపు ఫోను వంక చూసింది. తాను ఒక్కతే వుండే ఇల్లు ఎలా వుంటుందో ఎన్నడూ వూహించి వుండదు. తరువాత మెల్లిగా చెప్పటం మొదలుపెట్టింది. రెండు సాయంత్రాలు పట్టింది.

వరస వచ్చింది గాని, అందులో అర్థం కనపడలేదు. పైనున్నది హబ్సిగూడలో పధ్నాలుగేళ్ల పాత ఫ్లాటు. దానికి తూర్పు లేదు. దాని కింద వున్నది అంతకంటే ఇరుకు. తెల్లాపూర్ పదమూడోది, నిజాంపేట ఆఖరుది. సుధ ధరతో పోల్చి చూసింది, కలవలేదు. అంతస్తు, వైశాల్యం, గాలీ వెలుతురూ, మెట్రో దూరం, ఏదీ కలవలేదు. పట్టికలో మేం పెట్టిన కాలమ్‌లు పదకొండూ అయిపోయాయి. అప్పుడు అనుమానం వచ్చి కొత్తగా పన్నెండోది చేర్చింది: గేటు దాటిన తరువాత బస్‌స్టాపుకి ఎన్ని అడుగులు నడవాలి? ఒకటి రెండు తప్ప వరసంతా దానితో అతికినట్టు సరిపోయింది.

"నిజమేనా?" అని అడిగాను.

"నిజమే" అంది. "ఎవర్నీ అడక్కుండా బయటికి వెళ్లగలిగేట్టు వుండాలి నాకు. ఆ తెల్లాపూర్‌లో గేటునుంచి రోడ్డుకే రెండు కిలోమీటర్లు. గుడికి వెళ్లాలంటే మిమ్మల్ని అడగాలి. మీరు అబ్బాయిని అడగమంటారు. వాడు, ఎన్నింటికో చెప్పమ్మా, కారు బుక్ చేస్తానంటాడు. ఎన్నింటికో నాకేం తెలుసు? బుద్ధి పుట్టినప్పుడు."

తరువాత ఇంకొకటి చెప్పింది. రామంతాపూర్‌లో వాళ్ల అక్కయ్య వుంది. 2023 డిసెంబరులో తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీలు తీసేసినప్పటినుంచీ ప్రతి గురువారం అక్కయ్య ఇంటికి వెళ్లొస్తోందట. నేను మధ్యాహ్నం పడుకుని లేచేసరికి వచ్చేస్తోంది. నల్లకుంట శంకరమఠానికి వెళ్లిందనుకునేవాణ్ణి. "చెప్పలేదేం?" అంటే, "అడగలేదుగా" అంది. అందులో నిష్ఠూరమేమీ లేదు. ఉంటే బాగుండును.

సుధ ఇంకో పొరపాటు పట్టుకుంది. పరేటో జల్లెడ పట్టినప్పుడు ఈ కాలమ్ లేదు. పట్టికలో లేని గుణం వల్ల నచ్చవలసిన ఇల్లు ఎవరూ చూడకముందే పోయివుంటుంది కదా! మళ్లీ మొదటినుంచీ పడితే ఆరు ఇళ్లు తిరిగి వచ్చాయి. వాటిలో మూడు అప్పటికే అమ్ముడైపోయాయి, రెంటికి దస్తావేజులు సరిగా లేవు, ఒకటి మా ఆవిడకే నచ్చలేదు. అయినా ఆ ఆరిళ్ల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసులో ఏదో కలుక్కుమంటుంది.

అప్పుడు మా ఆవిడ మళ్లీ మార్కులు వేసింది, ఈసారి సొంతంగా. తెల్లాపూర్‌కి ఒకటి, నిజాంపేటకి ఒకటి, హబ్సిగూడకి అయిదు. తెల్లాపూర్ సగటు 3.8 నుంచి 3.4కి దిగింది. హబ్సిగూడ మూడు నుంచి సరిగ్గా 3.4కి ఎక్కింది. రెండూ సమానం! తక్కువ మార్కు లెక్కలో చూస్తే తెల్లాపూర్‌ది ఒకటి, ఆవిడది. హబ్సిగూడది రెండు, నాదీ మా అమ్మాయిదీ. అమ్మాయికి ఫోను చేస్తే, "అమ్మ అయిదు వేసిందా? అమ్మా?" అని రెండుసార్లు అడిగి, తన ఈతకొలను సంగతి మళ్లీ ఎత్తలేదు.

"ప్రోగ్రాం చెయ్యగలిగింది ఇంతే మావయ్యగారూ. ఇక మీరిద్దరూ తేల్చుకోవాలి" అంది సుధ లాప్‌టాప్ మూసేస్తూ.

మర్నాడు హబ్సిగూడ ఇల్లు చూడటానికి ఇద్దరం బస్సులో వెళ్లాం. కారు వద్దంది. కండక్టరుకి ఆధార్ కార్డు చూపించి ఆవిడ సున్న టిక్కెట్టు పుచ్చుకుంది. నేను డబ్బులిచ్చి కొనుక్కున్నాను. బస్సు దిగి ఆవిడ ముందు నడుస్తుంటే వెనక నేను నడిచాను. దారి ఆవిడకి తెలుసు.

మాఘమాసంలో రిజిస్ట్రేషనైంది, గడువుకి ఇంకా నెలన్నర వుండగా. అబ్బాయీ కోడలూ ఇద్దరూ బండి మారకుండా మెట్రోలో ఆఫీసులకి వెళ్తున్నారు. గురువారం మధ్యాహ్నం మా ఆవిడ ఇంట్లో వుండదు. కాఫీ నేనే పెట్టుకుంటాను. ఇల్లు పడమటి ముఖం. సాయంత్రం ఎండ సరాసరి హాల్లోకి వచ్చి నా కుర్చీ మీదే పడుతుంది. లిఫ్టు ఎక్కితే మూలుగుతుంది. ఇంటికి నేను వేసిన మార్కు ఇప్పటికీ రెండే. మార్చమని సుధ రెండు మూడుసార్లు అడిగింది గాని, మార్చలేదు. మొన్న లిఫ్టు బాగుచేయించారు. ఒక అర మార్కు కలపవచ్చేమో అడిగి చూడాలి, ప్రోగ్రాంలో అరలు వున్నాయో లేవో.